పాత పిక్సెళ్లు, గ్రహాంతర దండు, సీమ నవ్వు

చేతిలో తుపాకీ పట్టుకున్న ఒక్క మనిషి, ఎదురుగా వేరే గ్రహం నుంచి దిగిన దండు, రెండు పేలుళ్ల మధ్య ఒక ఎకసెక్కం. తెర మీది బొమ్మలు గళ్లు గళ్లుగా, 30 ఏళ్ల కిందటి కంప్యూటర్‌లోంచి వచ్చినట్టు ఉంటాయి. గేమ్ మాత్రం కొత్తది. ఆటగాడి కంటితోనే లోకాన్ని చూపించే కాల్పుల ఆటను ఫస్ట్ పర్సన్ షూటర్ అంటారు. దాని పాత రూపాన్ని కావాలని తిరిగి తెచ్చుకున్న శాఖకు రెట్రో షూటర్ అనీ, బూమర్ షూటర్ అనీ పేర్లు పడ్డాయి. 2018 తర్వాత ఇవి విపరీతంగా పెరిగాయి, వాటి చుట్టూ వాదాలూ పెరిగాయి. ఇది శిల్పమా, జ్ఞాపకాల వ్యాపారమా? ఇందులోని హాస్యం కండల వీరుణ్ని వెక్కిరిస్తోందా, భుజానెత్తుకుంటోందా? నవ్వులపాలవుతున్నది ఎవరు? ఒక ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు రెండోదాన్ని దాటేస్తూ రావడంతో చర్చ చిక్కుపడింది.

ఈ చిక్కును నంద్యాల, ఆళ్లగడ్డల వైపు నుంచి చూడటానికి గట్టి కారణమే ఉంది. 40వ నంబరు జాతీయ రహదారి మీద వరసగా వచ్చే ఈ రెండు ఊళ్లున్న రాయలసీమ నేలను తెలుగు సినిమా చాలా కాలం కాల్పులతో, బాంబులతో, గాల్లోకి లేచే సుమోలతోనే గుర్తుపట్టింది. కాల్పులను నవ్వుగా మార్చే కళారూపం ఇక్కడికి వస్తే, అమెరికాలో ఎవరూ అడగని ప్రశ్నలు ఎదుర్కోవాలి. ఇంకో సంగతి కూడా ఉంది. రాబోయే కాలాన్ని ఊహించి చెప్పే అలవాటు ఈ నేలకు వీడియో గేములకన్నా మూడు వందల ఏళ్లు పాతది.

మొదట్లో నవ్వు లేదు

అమెరికాలోని టెక్సస్ కేంద్రంగా పనిచేసిన ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న బృందం 1992 మేలో ‘వుల్ఫెన్‌స్టైన్ 3డి’ని, 1993 డిసెంబరు 10న ‘డూమ్’ను విడుదల చేసింది. మొదటి భాగం ఉచితం, నచ్చితే మిగతావి డబ్బిచ్చి కొనుక్కోవాలి. ఫ్లాపీల మీద, ఫోన్ లైన్ల మీద అది చేతులు మారుతూ వెళ్లింది. ఆ తర్వాత నాలుగైదేళ్ల పాటు ఈ తరహా గేమ్ ఏది వచ్చినా ‘డూమ్ నకలు’ అనే పిలిచారు.

అప్పటి సాంకేతిక పరిమితులు తెలియకపోతే ఇప్పటి వాదాలు అర్థం కావు. డూమ్ తెర అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు. రంగులు 256. ఒక గది మీద మరో గది కట్టే వీల్లేదు. ఆటగాడు తల ఎత్తి పైకి చూడలేడు. శత్రువు ఘనరూపం కాదు, ఎటు తిరిగినా మనకేసే నిలబడే అట్టముక్క లాంటి బొమ్మ. అది తిరిగినట్టు కనిపించడానికి ఒక్కో భంగిమకు ఎనిమిది దిక్కుల నుంచి బొమ్మలు కావాలి. వాటి కోసం ఏడ్రియన్ కార్మాక్ మట్టితో రాక్షసుల నమూనాలు చేశాడు. గ్రెగర్ పంచాట్జ్ లోహపు చట్రాలకు రబ్బరు తొడిగి మరికొన్ని చేశాడు. ఆ నమూనాలను కొద్దికొద్దిగా తిప్పుతూ కెమెరాతో పట్టి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, చుక్క చుక్కనూ దిద్దారు. తుపాకుల్లో కొన్ని పిల్లల ఆటబొమ్మల దుకాణంలో కొన్నవి.

కంప్యూటర్ యుగపు పెద్ద విజయాల్లో ఒకటిగా చెప్పుకునే గేమ్ పునాదిలో శిల్పి చెయ్యి ఉందన్నమాట. భౌగోళిక గుర్తింపు పొందిన రాతి శిల్పకళ ఆళ్లగడ్డది. విగ్రహం ముందు నుంచే కాక, పక్క నుంచి, ఏటవాలుగా చూసినా నిలవాలని అక్కడి శిల్పికి ఎవరూ చెప్పనక్కర్లేదు. రెట్రో షూటర్‌కు కావలసిన కళా నైపుణ్యం ఎక్కడో మహానగరాల స్టూడియోల్లోనే ఉంటుందనుకునేవాళ్లు ఈ సంగతిని పట్టించుకోవాలి.

డూమ్ వచ్చిన రోజున నంద్యాల లోక్‌సభ సభ్యుడు దేశ ప్రధానమంత్రి. 1991 నవంబరు ఉప ఎన్నికలో ఇక్కడి నుంచి ఐదున్నర లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచిన పి.వి. నరసింహారావు, అరవై దాటిన వయసులో కంప్యూటర్ భాషలు నేర్చుకుని స్వయంగా ప్రోగ్రాములు రాసిన రాజకీయవేత్త. ఆయన హయాంలోనే ఆర్థిక ద్వారాలు తెరుచుకున్నాయి, 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. నంద్యాలలో రాజీవ్ గాంధీ మెమోరియల్ ఇంజనీరింగ్ కళాశాల మొదలైంది కూడా 1995లోనే. షూటర్ గేముల స్వర్ణయుగం, ఈ ప్రాంతానికి కంప్యూటర్ చదువు వచ్చిన కాలం ఒకటే. ఇక్కడివాళ్లు ఆ చరిత్రకు బయటివాళ్లు కారు, కొంచెం ఆలస్యంగా చేరినవాళ్లు.

నవ్వు చేరిన తర్వాత

డూమ్ ముఖం గంభీరం. హాస్యాన్ని ఇరుసుగా చేసుకున్న గేమ్ 1996 జనవరిలో వచ్చిన ‘డ్యూక్ న్యూకెమ్ 3డి’. గ్రహాంతరజీవులు లాస్ ఏంజెలెస్‌ను ఆక్రమిస్తాయి. కండలు తిరిగిన డ్యూక్ ఒక్కడే వాటిని తరిమికొడుతూ, పేల్చినప్పుడల్లా ఏదో ఒకటి అంటాడు. గొంతు జాన్ సెయింట్ జాన్ అనే నటుడిది. మాటల్లో చాలావరకు ‘ఆర్మీ ఆఫ్ డార్క్‌నెస్’, ‘దే లివ్’ వంటి సినిమాల నుంచి ఎత్తుకున్నవి.

ఈ గేమ్‌ను తలుచుకున్నప్పుడు అందరూ ఆ మాటల్నే చెబుతారు. నా దృష్టిలో దాని గొప్పతనం ఇంకోచోట ఉంది. మొదటి లెవెల్లోనే ఒక సినిమా హాలు. ప్రొజెక్టర్ గదికి వెళ్లి మీట నొక్కితే తెర మీద బొమ్మ ఆడుతుంది. మరుగుదొడ్డి పనిచేస్తుంది. అద్దంలో డ్యూక్ కనిపిస్తాడు. కాపలా కెమెరాల్లో పక్క గది కనిపిస్తుంది. డూమ్‌లో గదులు కేవలం గదులు. ఇక్కడ అవి ఫలానా ఊళ్లోని ఫలానా చోట్లు. లోకాన్ని రక్షించాల్సిన వీరుడు దారిలో ఆగి దీపాల మీటలు నొక్కుతూ కూర్చోవడంలోనే అసలు హాస్యం ఉంది. దీన్ని సాధ్యం చేసిన బిల్డ్ ఇంజన్‌ను, అంటే గేమ్‌ను నడిపే మూల ప్రోగ్రామును, రాయడం మొదలుపెట్టినప్పుడు కెన్ సిల్వర్‌మన్‌కు ఇరవై కూడా నిండలేదు.

అదే ఇంజన్ మీద 1997లో వచ్చిన రెండు గేములు ఈ చర్చలో సాక్ష్యాలుగా ఎప్పుడూ నిలబడతాయి. ‘షాడో వారియర్’ చైనా, జపాన్ సంస్కృతులను ఒకే మూకుట్లో వేసి వేపి, వాళ్ల ఇంగ్లిష్ ఉచ్చారణను నవ్వులాటగా వాడింది. వచ్చిన రోజుల్లోనే విమర్శలు పడ్డాయి. రెండోది ‘రెడ్‌నెక్ ర్యాంపేజ్’. నంద్యాల, ఆళ్లగడ్డల పాఠకుడు ఆగి చూడాల్సింది దీని దగ్గరే.

కథాస్థలం ఆర్కన్సాస్ రాష్ట్రంలోని హిక్స్‌టన్ అనే కల్పిత పల్లె. లెనర్డ్, బబ్బా అనే అన్నదమ్ములు. గ్రహాంతరజీవులు వచ్చి ఊరివాళ్లకు నకళ్లు తయారుచేస్తాయి, వీళ్లకు ప్రాణప్రదమైన బెస్సీ అనే పందిని ఎత్తుకుపోతాయి. పందిని వెతుక్కుంటూ ఊరంతా తుపాకీతో తిరగడమే ఆట. దెబ్బలు తగిలితే తిండి తినాలి, సారా తాగాలి. ఎక్కువ తాగితే నడక తూలుతుంది, ఎక్కువ తింటే పొట్ట చప్పుళ్లు చేసి శత్రువును పిలుస్తుంది. ఆట నియమంలోంచే పుట్టిన హాస్యం ఇది, చాలా తెలివైనది. కానీ ఆ నవ్వు మొత్తంగా చూస్తే పల్లెటూరి పేద తెల్లవాడి యాస, ఒంటి మురికి, చదువులేనితనం మీదే నడుస్తుంది. తయారుచేసింది కాలిఫోర్నియా స్టూడియో. పట్నంవాడు పల్లెవాణ్ని చూపించి పట్నంవాణ్ని నవ్వించడం అది. సీమ యాసను రెండున్నర దశాబ్దాల పాటు హైదరాబాద్ స్టూడియోలు ఏం చేశాయో చూసినవాళ్లకు ఈ నిర్మాణం కొత్తగా అనిపించదు.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ‘చెక్స్ క్వెస్ట్’ ఉంది. 1996లో అమెరికాలో ఉదయపు ఫలహారపు డబ్బాల్లో ఉచిత సీడీగా ఇచ్చిన గేమ్ ఇది. డూమ్ ఇంజనే, కానీ తుపాకీ బదులు శత్రువును వాడి సొంత లోకానికి పంపేసే యంత్రం ఉంటుంది. జిగురు జిగురుగా ఉండే గ్రహాంతర ప్రాణులు చావవు, ఇంటికి పోతాయి. వ్యాపార ప్రకటనగా పుట్టినా, కాల్పుల ఆటలో చావు తప్పనిసరి కాదని రుజువు చేసింది. ఆ అభిమానం నిలిచి 2020లో దానికి కొత్త రూపం కూడా వచ్చింది.

2001లో క్రొయేషియా నుంచి ‘సీరియస్ శామ్’ వచ్చింది. జాగ్రెబ్‌కు చెందిన క్రోటీమ్ అనే చిన్న బృందం సొంత ఇంజన్ రాసుకుని, భవిష్యత్తు నుంచి ప్రాచీన ఈజిప్టుకు వెళ్లిన వీరుడి మీదకు వందల శత్రువుల్ని ఒకేసారి తోలింది. వాటిల్లో ఒకడికి తల ఉండదు, రెండు చేతుల్లో బాంబులు పట్టుకుని గొంతు చించుకుని అరుస్తూ పరుగెత్తుకొస్తాడు. తల లేనివాడు ఎలా అరుస్తున్నాడన్న ప్రశ్న తట్టేలోపే వాడు వచ్చి పేలిపోతాడు. భయం, నవ్వు ఒకే చప్పుడులో ఉన్నాయి. దూరం నుంచి వినిపించే ఆ అరుపు ఆటగాడికి హెచ్చరిక కూడా. మాటలతో కాక ఆటతో నవ్వించడం అంటే ఇదే. ఇంగ్లిష్ మాతృభాష కాని చిన్న దేశం నుంచి వచ్చి ప్రపంచమంతా ఆడిన గేమ్ కాబట్టి, కొత్తగా చేయాలనుకునేవాళ్లకు ఇది పక్కా నమూనా.

విరామం, తిరిగి రావడం

1998 నవంబరులో ‘హాఫ్-లైఫ్’ కథను ముందుకు తెచ్చింది. 2001లో ‘హేలో’, 2003లో ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ వచ్చాక వేగం తగ్గింది, గోడ చాటున నక్కి గాయం మానేదాకా ఆగడం వచ్చింది, ముఖాలు బిగుసుకున్నాయి. 1997లో ప్రకటించిన ‘డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్’ 14 ఏళ్ల తర్వాత 2011లో బయటికి వచ్చేసరికి, ఆడవాళ్లను వస్తువులుగా చూసే దాని పాత జోకులు ఎవరినీ నవ్వించలేదు.

తిరిగి లేచింది పెద్ద సంస్థల వల్ల కాదు. డూమ్ ఇంజన్ సోర్స్ కోడ్‌ను ఇడ్ 1997 డిసెంబరులోనే బయటపెట్టింది. ఔత్సాహికులు దాన్ని ఏళ్ల తరబడి మెరుగుపరుస్తూ వచ్చారు. 2018లో డేవిడ్ షిమాన్‌స్కీ దాదాపు ఒంటిచేత్తో చేసిన ‘డస్క్’ ఈ శాఖకు జెండా అయింది. అదే ఏడాది పోలండ్‌లో స్కూలు వయసులో మొదలుపెట్టిన యాకుబ్ చిస్లో బృందం ‘ప్రాజెక్ట్ వార్‌లాక్’ తెచ్చింది. 2019లో ‘అయాన్ ఫ్యూరీ’ పాత బిల్డ్ ఇంజన్ మీదే, ఆడమనిషిని నాయికగా పెట్టి వచ్చింది. స్వలింగ సంపర్కులను కించపరిచే రాత ఒకటి దాని మూలల్లో బయటపడి దుమారం రేగింది. 2024లో బ్రెజిల్ నుంచి వచ్చిన ‘మల్లెట్ మ్యాడ్‌జాక్’లో వీరుడికి పది సెకన్లే ఆయువు. శత్రువును కూల్చినప్పుడల్లా కాస్త పెరుగుతుంది, ఈ తంతంతా ప్రత్యక్ష ప్రసారంలో జనం చూస్తుంటారు. పాత బొమ్మలతో ఇవాళ్టి ఫోన్ వ్యసనం మీద వేసిన బాణం అది.

మూడు వాదాలు

మొదటి వర్గం దీన్ని జ్ఞాపకాల వ్యాపారమంటుంది. తొంభైల్లో పిల్లలుగా ఆడినవాళ్లు ఇప్పుడు సంపాదనపరులు, వాళ్ల బాల్యాన్ని వాళ్లకే అమ్ముతున్నారని దీని సారం. గళ్ల బొమ్మలు అప్పుడు గత్యంతరం లేక వచ్చినవి, ఇప్పుడు వాటిని కావాలని పెట్టడం వేషం కట్టడమేనంటారు. అమెరికా, యూరప్ మార్కెట్లకు ఇది కొంత సరిపోతుంది. కానీ నంద్యాల పిల్లవాడికి డూమ్ చిన్ననాటి జ్ఞాపకం కాదు. అతనికి ఈ రూపం కొత్తగా దొరికిందే. జ్ఞాపకం లేనివాణ్ని కూడా పట్టి కూర్చోబెడుతోందంటే అందులో జ్ఞాపకానికి మించినది ఏదో ఉండాలి. ఆ ఏదో ఏమిటన్నది ఈ వర్గం చెప్పలేకపోయింది.

రెండో వర్గానిది శిల్పవాదం, నాకు ఎక్కువ నచ్చిన వాదం. పరిమితులే వ్యాకరణం అంటారు వీళ్లు. శత్రువు విసిరిన నిప్పుముద్ద కంటికి కనిపిస్తూ వస్తుంది కాబట్టి తప్పుకోవచ్చు. తప్పుకోవాలంటే పరుగెత్తాలి, పరుగెత్తాలంటే గది ఆకారం తెలియాలి. ఎర్ర, నీలి, పసుపు తాళంచెవులతో లెవెల్ ఒక పొడుపుకథ అవుతుంది. బొమ్మ సరళంగా ఉన్నందువల్ల శత్రువు ఎవడో, ఏం చేస్తాడో అరసెకనులో తెలుస్తుంది. ఆధునిక గేముల్లో వెంట్రుక వెంట్రుకా కనిపిస్తుంది, ఈ స్పష్టత మాత్రం తరచూ తప్పిపోతుంది. ఈ వాదంలో ఉన్న లోపమల్లా హాస్యాన్ని పైపూతగా చూడటం. ‘సీరియస్ శామ్’ అరుపు, ‘రెడ్‌నెక్’ పొట్ట చప్పుడు పైపూతలు కావు, ఆట యంత్రంలో భాగాలు.

మూడో వర్గం హాస్యాన్నే విచారిస్తుంది. ఇందులో రెండు పాయలు. డ్యూక్ ఎనభైల నాటి కండల సినిమాలకు వెటకారం, వాణ్ని చూసి నవ్వాలి, వాడితో కలిసి కాదు అని ఒక పాయ. మరి ఆటగాడు వాడి కళ్లలోంచే చూస్తున్నాడు, వాడు గెలిస్తేనే గెలుస్తున్నాడు, అక్కడ వెటకారానికి చోటెక్కడిది అని రెండో పాయ. సినిమాలో వీరుణ్ని ఎదురుగా చూస్తాం కాబట్టి వెక్కిరించడం తేలిక. ఫస్ట్ పర్సన్ షూటర్‌లో మనమే వాడు. ఈ తేడాను తీసుకుంటే రెండో పాయ మాట బరువైనది. అయితే 2022 డిసెంబరులో వచ్చిన ‘హై ఆన్ లైఫ్’ ఒక దారి చూపింది. అందులో మాట్లాడేది వీరుడు కాదు, అతని చేతిలోని తుపాకులు. అవి గ్రహాంతర ప్రాణులు, వాగుతూనే ఉంటాయి, ఆటగాణ్ని విమర్శిస్తాయి. ఆ వాగుడు కొందరిని కడుపుబ్బ నవ్వించింది, కొందరికి తల నొప్పి తెప్పించింది. మాటలు తగ్గించుకునే సదుపాయాన్ని గేమ్‌లోనే పెట్టారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక విషయం కనిపిస్తుంది. మొదటి వర్గం కొనేవాణ్ని చూస్తోంది, రెండోది ఆడే చేతిని, మూడోది మాట్లాడే నోటిని. గేమ్ జరిగే ఊరిని మూడూ వదిలేశాయి. డ్యూక్‌కు లాస్ ఏంజెలెస్, లెనర్డ్‌కు హిక్స్‌టన్ లేకపోతే ఆ గేములు మిగలవు. ఏ ఊరు, ఆ ఊరిని ఎవరు చూపిస్తున్నారు అన్నదే హాస్య షూటర్‌కు కీలకమని నా నమ్మకం.

తుపాకీ మాట

అమెరికా సెనేట్‌లో గేముల హింస మీద విచారణ జరిగింది 1993 డిసెంబరు 9న, డూమ్ రావడానికి సరిగ్గా ఒక రోజు ముందు. 1994లో అక్కడ వయసు గుర్తులిచ్చే బోర్డు వచ్చింది. 1999లో కొలంబైన్ స్కూలు కాల్పుల తర్వాత నిందితులు డూమ్ ఆడేవారన్న సంగతి పతాక శీర్షికలకెక్కింది. 2011లో అక్కడి సుప్రీంకోర్టు గేములకూ భావప్రకటన రక్షణ ఉందని తేల్చింది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో చెప్పింది ఇదీ: అరవడం, నెట్టడం వంటి దూకుడుతో చిన్న సంబంధం కనిపిస్తోంది, కానీ నిజమైన హింసకు గేములే కారణమనడానికి తగిన ఆధారం లేదు.

సీమలో ఈ ప్రశ్న ఇంకో రూపంలో ఎదురవుతుంది. గేమ్ ఆడితే పిల్లలు చెడతారా అన్నది కాదిక్కడ. నిజంగా మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లున్న ప్రాంతంలో కాల్పుల్ని వినోదంగా చూపించే హక్కు ఎవరిది? తెలుగు సినిమా ఈ ప్రశ్నను 1999 నాటి ‘సమరసింహారెడ్డి’ నుంచి అడగకుండానే ముందుకెళ్లింది. 2010లో రాజమౌళి ‘మర్యాద రామన్న’ మాత్రం వేరే దారి పట్టింది. ఇంటికి వచ్చిన అతిథి రక్తం గడప లోపల చిందకూడదు, గడప దాటితే ప్రాణం పోతుంది. బస్టర్ కీటన్ 1923 మూకీ చిత్రం ‘అవర్ హాస్పిటాలిటీ’ నుంచి వచ్చిన ఈ నియమం సీమ మర్యాదకు అతికినట్టు సరిపోయింది. గమనిస్తే అది అచ్చంగా ఒక గేమ్ నియమం. లోపల క్షేమం, బయట మృత్యువు, ఏదో ఒక సాకుతో లోపలే ఉండిపోవాలి. ఎవరి యాసనూ గేలి చేయకుండా, పగ అనే వ్యవస్థలోని అసంబద్ధతను నియమంతోనే బయటపెట్టింది. రెట్రో షూటర్ ఈ ప్రాంతానికి రావాలంటే రావాల్సిన దారి ఇది. శత్రువు గ్రహాంతరజీవి కావడం కూడా ఇక్కడ సాయం చేస్తుంది, ఎందుకంటే చంపాల్సింది పక్క ఊరివాణ్ని కాదు.

ఈ నేల దగ్గర ఉన్న సరంజామా

పదిహేడో శతాబ్దంలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బనగానపల్లె దగ్గర రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశాడని సంప్రదాయం. బనగానపల్లె 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలోనిదే. ఆ పక్కనే యాగంటి. అక్కడి బసవన్న విగ్రహం పెరుగుతోందని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని జనం నమ్మకం. భవిష్యత్తును వింతలతో, హెచ్చరికలతో, సామాన్యుడి భాషలో చెప్పే సంప్రదాయం ఇది. సైన్స్ ఫిక్షన్ మనకు దిగుమతి సరుకనే వాదన ఇక్కడ నిలవదు.

అదే జిల్లాలోని జ్వాలాపురంలో శాస్త్రానికి దొరికింది ఇంకా ఆశ్చర్యకరమైనది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం పేలి వెదజల్లిన బూడిద జుర్రేరు లోయలో పొరగా పడి ఉంది. ఆ పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. ఆకాశం నల్లబడిన తర్వాత కూడా ఇక్కడ మనుషులు నిలదొక్కుకున్నారని వాళ్ల వాదన. లోకం అంతమైన తర్వాతి కథలు రాసేవాళ్లు ఇంతకన్నా మంచి మొదటి అధ్యాయం కోరుకోలేరు. ఇక లెవెల్ రూపకల్పనకు బెలుం గుహలున్నాయి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ప్రస్తావించిన, 1980ల్లో జర్మన్ గుహాన్వేషకుడు గెబావర్ బృందం కొలిచిన ఆ సొరంగాల పొడవు 3,229 మీటర్లు. ఇరుకు దారి నుంచి ఒక్కసారిగా విశాలమైన గదిలోకి తెరుచుకునే ఆ నిర్మాణం మంచి షూటర్ లెవెల్‌కు ప్రాణమైన లయే.

గొంతు సంగతికి వస్తే, ఆళ్లగడ్డ పక్కనున్న సిరివెళ్లలో పుట్టిన నటుడు జయప్రకాశ్ రెడ్డిని తలుచుకోవాలి. 1997లో ‘ప్రేమించుకుందాం రా’తో పేరు తెచ్చుకున్నప్పటి నుంచి 2020లో కన్నుమూసేదాకా ఆయన చేసిన పాత్రల్లో బెదిరింపు, హాస్యం విడదీయలేనంతగా కలిసి ఉండేవి. యాస ఆయన నోట్లో వెక్కిరింపు వస్తువు కాలేదు, ఎందుకంటే అది ఆయనదే. సినిమా ఆయన్ను ఒకే మూసలో పదేపదే వాడుకుంది నిజమే, అయినా మాట పలికిన తీరులో ఆ మనిషి గౌరవం చెక్కుచెదరలేదు. లెనర్డ్, బబ్బాలకు దక్కనిది ఇదే.

కాలంలో ప్రయాణించి నవ్వించే కథను మన ప్రేక్షకులు ఆదరిస్తారా అన్న సందేహానికి 1991లోనే సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ జవాబు చెప్పింది. కృష్ణదేవరాయల కాలానికి, 2504 సంవత్సరానికి వెళ్లొచ్చిన ఆ సినిమాలో జంధ్యాల మాటలు హాస్యాన్ని విజ్ఞానకల్పనలో ఇమిడ్చాయి. గేముల్లో ఆ వారసత్వం కొనసాగలేదు. హైదరాబాద్‌లో ఓగర్ హెడ్ స్టూడియో 2017లో తెచ్చిన ‘అసుర’, పుణెలో నాడింగ్ హెడ్స్ 2020లో తెచ్చిన ‘రాజి’ పురాణ గాంభీర్యాన్ని ఎంచుకున్నాయి. 2021 నాటి ‘ఫౌజీ’ సరిహద్దు సైనికుడి వీరత్వాన్ని ఎంచుకుంది. నవ్వే సైన్స్ ఫిక్షన్ షూటర్ స్థానం ఖాళీగా ఉంది.

తేలనివి

యాగంటి బసవన్ననో, అహోబిలం నరసింహుణ్నో హాస్య గేమ్‌లోకి తేవచ్చా? దేవుణ్ని ఆటవస్తువు చేస్తే మనసులు నొచ్చుకుంటాయి. నమ్మకాన్ని నేపథ్యంగా ఉంచి, నవ్వంతా ఆ నేలను తక్కువ అంచనా వేసి దిగిన గ్రహాంతర దండు మీదకు మళ్లించవచ్చు. దానికైనా గీత ఎక్కడన్నది గీసేవాళ్లు ఆ ఊళ్లవాళ్లే కావాలి.

గేమ్ అన్న మాటకే ఇక్కడ చెడ్డపేరుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 సెప్టెంబరులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది, 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. రమ్మీలో అప్పులపాలైన కుటుంబాలను చూసిన తల్లిదండ్రులకు, డబ్బు ప్రసక్తే లేని కథా గేమ్ వేరని చెప్పి ఒప్పించే పని ఇంకా మొదలుకాలేదు. రెట్రో షూటర్‌కు ఒక అనుకూలత ఉంది. పాత ల్యాప్‌టాప్‌లోనూ ఆడుతుంది, తయారుచేయడానికి కావలసిన ఇంజన్లు ఉచితంగా దొరుకుతాయి.

అన్నిటికన్నా మొండి సమస్య అక్షరాలది. పాత షూటర్ల అక్షరాలు ఎనిమిది చుక్కల ఎత్తున ఉండేవి, ఒక్కో అక్షరానికి ఒక్కో బొమ్మ చొప్పున ఇంజన్ వరసగా పేర్చుకుపోయేది. ఇంగ్లిష్‌కు అది చాలు. తెలుగులో గుడి పైకి పోతుంది, వత్తు కిందికి దిగుతుంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే మూడు అంతస్తులు కావాలి, పక్కపక్కన పేరిస్తే చదవరాని ముక్కలు మిగులుతాయి. ఉచితంగా దొరికే గోడో ఇంజన్ నాలుగో తరం నుంచి మన గుణింతాలను సరిగా కూర్చగలదు. కానీ దానిలో ఇవాళ్టి నున్నని అచ్చక్షరాలు పెడితే గళ్ల బొమ్మల పక్కన అతకవు. ప్రతి సంభాషణనూ బొమ్మగా గీసి పెట్టడం ఇంకో పద్ధతి. అప్పుడు ఒక్క మాట మారినా మళ్లీ గీయాలి, యాస దిద్దుకునే స్వేచ్ఛ పోతుంది. 16 చుక్కల ఎత్తులో వత్తులతో సహా చదవగలిగే తెలుగు లిపిని చుక్క చుక్కగా గీసి, ఎవరైనా వాడుకునేలా ఉచితంగా పెట్టడం మూడో పద్ధతి. వందల కొద్దీ సంయుక్తాక్షరాలను తీర్చిదిద్దాల్సిన ఆ పనికి ప్రోగ్రామర్ ఒక్కడు చాలడు. పక్కన చెక్కే కన్ను ఉన్నవాడు కూర్చోవాలి.